బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి అల్లుడు

మంగళవారం ఉదయం సృజన్ వేసుకున్న ప్లానులో మూడే పనులున్నాయి. తొమ్మిదీ పదికి కారును గ్యారేజీలో అప్పగించడం, తొమ్మిదిన్నరకల్లా నడిచి ఆఫీసు చేరడం, సాయంత్రం అయిదింటికి పాసైన కారును ఇంటికి తెచ్చుకోవడం. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన ప్రతి కారూ ఏడాదికోసారి ఎంఓటీ అనే పరీక్షకు నిలబడాలి. బ్రేకులు, టైర్లు, లైట్లు, అద్దాలు సరిగా ఉన్నాయని ప్రభుత్వ అనుమతి ఉన్న గ్యారేజీ ఒకటి తేల్చాలి. సృజన్ కారుకు పదకొండేళ్లు. అతను బేసింగ్‌స్టోక్ అనే ఈ ఊరు వచ్చాక మూడుసార్లు పరీక్షకు వెళ్లింది, మూడుసార్లూ పాసైంది. ఈ ఏడాది సర్టిఫికెట్టు గడువు బుధవారంతో ముగుస్తుంది.

అసలు తొందర గురువారానిది. ఆ రోజు ఉదయం పది గంటల పద్నాలుగు నిమిషాలకు సృజన్ భార్య పూజితకు డ్రైవింగ్ టెస్టు ఉంది. పది పద్నాలుగు అని పెట్టింది పురోహితుడు కాదు, ప్రభుత్వ వెబ్‌సైటు. ఆ స్లాటు కోసం ఆమె అయిదు నెలలు కాచుకుంది. పూజిత ఫిజియోథెరపిస్టు. పేషెంట్ల ఇళ్లకు వెళ్లి, ఆపరేషనైన వాళ్లను మళ్లీ నడిపించే టీములో చేరింది. ప్రొబేషన్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. అప్పటికి బ్రిటన్ లైసెన్సు చూపించకపోతే ఉద్యోగం ఉండదని ఆఫర్ లెటరులో రాసి ఉంది. ఇండియా లైసెన్సు మీద నడపడానికిచ్చిన ఏడాది గడువు ఎప్పుడో దాటిపోయింది. డ్రైవింగ్ నేర్పిన ఇన్‌స్ట్రక్టరు ఆ రోజుకు తన కారును ఇంకొకరికి మాటిచ్చాడు. కాబట్టి సొంత కారులోనే వెళ్లాలి. ఎంఓటీ లేని కారులో ఎగ్జామినరు కాలు పెట్టడు.

ఇంట్లో మూడో మనిషి పూజిత తండ్రి తిరుపతయ్య. మూడు వారాల కిందట, దసరాకు ముందు, కరీంనగర్ నుంచి వచ్చాడు. మోకాళ్ల నొప్పులని చెప్పి భార్య గిరిజ రాలేదు. ఆయన రవాణా శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. ఆ పేరుతో ఆయన్ను జిల్లాలో ఎవరూ పిలవలేదు. లారీవాళ్లు, ఆటోవాళ్లు, పక్కింటివాళ్లు అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అన్నారు. సృజన్, పూజితల పెళ్లి కార్డు మీద కూడా ఆయన పేరు కింద అదే అచ్చయింది.

"ఈడ ఎట్ల సూస్తరో ఒకసారి సూడాలె అల్లుడూ. నేనేం మాట్లాడ. ఒక మూలకు నిలవడ్త," అని సోమవారమే అన్నాడు తిరుపతయ్య.

అందులో సృజన్‌కు తప్పేమీ కనబడలేదు. గ్యారేజీలో టెస్టరుగా పనిచేసే మస్తాన్ అతనికి తెలిసినవాడు, నెల్లూరు మనిషి. ఫోన్ చేసి, మామయ్య బ్రేక్ ఇన్‌స్పెక్టరని, పరీక్ష చూడాలని ముచ్చటపడుతున్నారని, కాస్త చూసుకోమని చెప్పాడు. మంగళవారం తాను ఉండనని, టెస్టర్లకు ఏటా జరిగే ట్రైనింగుకు రెడింగ్ వెళ్తున్నానని, యజమాని గ్యారీకి చెప్పి వెళ్తానని మస్తాన్ అన్నాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు చూస్తే గ్యారీ లేడు. అందుకని మస్తాన్ గోడ మీది తెల్లబోర్డు మీద ఇంగ్లీషులో రాసి వెళ్లాడు: మంగళవారం 9.10, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు, బాగా చూసుకోవాలి.

బ్రిటన్‌లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే ఉద్యోగం లేదు. కానీ గ్యారేజీలు పరీక్షలు సరిగా చేస్తున్నాయో లేదో చూడడానికి ప్రభుత్వ ఏజెన్సీ మనుషులు వస్తుంటారు. తప్పు దొరికితే గ్యారేజీకి పరీక్షలు చేసే అనుమతి పోతుంది. గ్యారీ మంగళవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి బోర్డు చదివాడు. రెండోసారి చదివాడు. చీపురు తీసుకుని నేల తానే ఊడ్చాడు.

కారు అప్పగించేటప్పుడు గ్యారీ మెడలో టై కనబడింది సృజన్‌కు. ఎవరో పెద్దవాళ్లు వస్తున్నట్టున్నారు అనుకుని, వెంట వచ్చిన మామయ్యను గ్యారీకి అప్పజెప్పి ఆఫీసుకు వెళ్లిపోయాడు. తర్వాత జరిగింది అతనికి గ్యారీ ద్వారా కొంత, మామగారి ద్వారా కొంత, మస్తాన్ ద్వారా కొంత తెలిసింది. మూడూ కలిపి చూస్తే ఇదీ సంగతి.

మామూలుగా కారు యజమానులు గాజుగోడ ఇవతల కుర్చీల్లో కూర్చుంటారు. తిరుపతయ్యను గ్యారీ లోపలికి తీసుకెళ్లాడు. పసుపుపచ్చ కోటు తొడిగాడు, కళ్లద్దాలిచ్చాడు, టీ ఇచ్చాడు. ఒక శాఖవాడు ఇంకో శాఖవాడికి ఇచ్చే మర్యాద ఇది అనుకున్నాడు తిరుపతయ్య. చేతిలో నోట్‌బుక్కు, జేబులో టార్చి లైటుతో మూలన నిలబడ్డాడు. మాట్లాడనన్న మాట పదకొండు నిమిషాలు నిలిచింది.

గ్యారీ ముందు అద్దం దగ్గర ఆగాడు. అక్కడ వేములవాడ రాజన్న స్టిక్కరుంది, తిరుపతయ్య వచ్చిన మర్నాడు తన చేత్తో అంటించింది. డ్రైవరు కళ్ల ఎదురుగా వైపరు తుడిచే మేరలో పది మిల్లీమీటర్లకు మించి ఏదీ అడ్డు ఉండకూడదు. గ్యారీ స్కేలు పెట్టి కొలిచాడు. రాజన్న నలభై రెండు మిల్లీమీటర్లున్నాడు. మామూలు రోజైతే పీకేసి ముందుకు పోయేవాడు. ఇప్పుడు తిరుపతయ్య వైపు తిరిగి, మీరైతే దీన్ని ఫెయిల్ చేస్తారా సర్ అని అడిగాడు. రిటైరై ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో తిరుపతయ్యను ఎవరూ ఏ విషయంలోనూ నిర్ణయం అడగలేదు. ఆయన రూలంటే రూలే అన్నాడు. గ్యారీ రాసుకున్నాడు.

వెనక నంబరు ప్లేటు మీద దసరా పసుపు ఒక అక్షరాన్ని కప్పేసింది. ఇదేమిటని గ్యారీ అడిగాడు. వాహన భద్రత కోసం అని చెప్పాడు తిరుపతయ్య. గ్యారీ దాన్ని కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత వైపరు రబ్బరు చిరిగిందన్నారు, అద్దం కడిగే నీళ్లు లేవన్నారు, వెనక ఫాగ్ లైటు వెలగలేదు, వెనక సీటు బెల్టు ఒకటి సగంలో ఆగిపోయింది. వీటిలో రెండు గ్యారీ పట్టుకున్నవి, రెండు తిరుపతయ్య చూపించినవి. తిరుపతయ్య చూపించిన ప్రతిసారీ గ్యారీ ముఖం పాలిపోయింది, తన కళ్లు దాటిపోయిన తప్పులను ఇన్‌స్పెక్టరు లెక్కపెడుతున్నాడని.

కారును పైకి లేపాక తిరుపతయ్య టార్చి తీశాడు. ఎడమ ముందు టైరు లోపలి అంచు మీద వేళ్లు పెట్టి, గ్యారీని పిలిచాడు. రబ్బరు అరిగి లోపలి తీగలు బయటపడ్డాయి. పదిన్నరకు సృజన్ ఫోను మోగింది.

"అల్లుడూ, టైరు నేనే పట్టిన. గ్యారీ సూడనే లేదు. చెయ్యి పట్టుకొని సూపిచ్చిన."

"మంచిది మామయ్యా. ఏమన్నడు?"

"డేంజరస్ అని రాసిండు. మంచిగ రాసిండు."

సృజన్ మీటింగు మధ్యలోంచి లేచి వరండాలోకి వచ్చాడు. డేంజరస్ అని రాసిన కారును రోడ్డెక్కించకూడదు. ఎక్కిస్తే జరిమానా, లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు. రాసింది అప్పటికప్పుడే ప్రభుత్వ కంప్యూటర్లోకి వెళ్లిపోతుంది. గ్యారీకి ఫోన్ చేస్తే, అన్నీ బాగుచేసి బుధవారం మధ్యాహ్నానికల్లా మళ్లీ పరీక్ష చేసి ఇస్తామని చెప్పాడు. గ్యారీ గొంతు అంత మెత్తగా ఉండడం సృజన్ ఎప్పుడూ వినలేదు. పోనీ, ఒక పూట ఆలస్యం అంతేకదా అనుకుని మీటింగులోకి వెళ్లాడు.

చివరికి మిగిలింది హ్యాండ్‌బ్రేకు. చక్రాలను రోలర్ల మీద పెట్టి బ్రేకు లాగితే, ఎంత పట్టిందో మిషను అంకెలో చెబుతుంది. కనీసం పదహారు శాతం రావాలి. పద్నాలుగు వచ్చింది.

తిరుపతయ్య ఒప్పుకోలేదు. అప్పటిదాకా రాసిన ఏడు తప్పులూ ఆయన సమ్మతితో రాసినవే. కానీ బ్రేకు ఆయన శాఖ. సర్వీసులో ఆయన రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తేవాడు. లారీ ఆగితే బ్రేకు ఉన్నట్టు. ముప్పై రెండేళ్లలో ఆగని లారీ లేదు, ఎదురుగా నిలబడింది బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాబట్టి. మిషను తప్పని, చేత్తో లాగి చూడమని గ్యారీకి చెప్పాడు. గ్యారీకి విషయం అర్థమైంది. ఇది ఆఖరి పరీక్ష. అధికారి ఒత్తిడి చేస్తే టెస్టరు లొంగుతాడా లేదా అని చూస్తున్నారు. గ్యారీ లొంగలేదు. ఫెయిల్ అని రాశాడు.

ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలని తిరుపతయ్య అడిగాడు. గ్యారీ రూలు ప్రకారం గోడ మీది నోటీసు చూపించాడు, అప్పీలు ఫారం ప్రింటు తీసిచ్చాడు, రాసుకోవడానికి తన కుర్చీ ఇచ్చాడు. పూర్తిచేసిన ఫారాన్ని చదవకుండా, చదవడం తన పని కాదు కాబట్టి, స్కాన్ చేసి ఏజెన్సీకి ఈమెయిల్లో పంపించాడు. అప్పటికి పన్నెండు కావడానికి అయిదు నిమిషాలుంది.

సాయంత్రం అయిదింటికి సృజన్ వెళ్లేసరికి కారు ఓ మూలన ఉంది. దాని చుట్టూ టేపు కట్టి ఉంది. అప్పీలు తేలేదాకా కారుకు ఏ రిపేరూ చెయ్యకూడదని, ఫెయిలైన స్థితిలోనే ఏజెన్సీకి చూపించాలని గ్యారీ వివరించాడు. వాళ్లు అయిదు పనిదినాల్లో మాట్లాడతారట. టైరొక్కటైనా మార్చమని సృజన్ అడిగాడు. గ్యారీ అతని భుజం మీదుగా, బెంచీ మీద టీ తాగుతున్న తిరుపతయ్య వైపు చూశాడు. ఆ రూలు టైరుకు కూడా వర్తిస్తుందని గట్టిగా, అటు వినబడేలా చెప్పాడు.

మామా అల్లుళ్లు నడిచి ఇంటికి బయల్దేరారు.

"మామయ్యా, ఎల్లుండి పూజిత టెస్టు ఉన్నది కదా. కారు కావాలి."

"కావాలె. అప్పీలు గెల్చినంక అదే కారు తీస్కపోదాం."

"అయిదు రోజులు పడతదట."

"బ్రేకు ఫెయిలని రాసిన కారుల బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బిడ్డ కూసుంటదా? నలుగురు ఏమనుకుంటరు?"

బేసింగ్‌స్టోక్‌లో అలా అనుకోగల నలుగురు ఎవరో సృజన్‌కు తట్టలేదు. ఇంటికి చేరాక అతను గంటసేపు ఫోన్ల మీద ఉన్నాడు. అయిదుగురు ఇన్‌స్ట్రక్టర్లలో ఒక్కరికీ గురువారం ఖాళీ లేదు. అద్దె కార్ల కంపెనీలు లైసెన్సు రాని మనిషికి కారివ్వవు. నార్తాంప్టన్‌లో ఉన్న స్నేహితుడు కారు తెస్తానన్నాడు కానీ దాని ఎంఓటీ తేదీ ఒకసారి చూసుకోమంటే, చూసుకుని, థాంక్స్ చెప్పి పెట్టేశాడు. చివరికి మస్తాన్ దొరికాడు. మస్తాన్‌కున్నది పనిముట్లు నింపిన వ్యాను. సృజన్ జరిగిందంతా అతనికి చెప్పాడు.

"బోర్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే రాసినానన్నా. మనూళ్లో అనేది అదే గదా. దానికి ఇక్కడ ఇంకో అర్థం పుడతాదని నేనేమన్నా కలగన్నానా?"

సృజన్‌కు అప్పుడు తెలిసింది, గ్యారీ టై ఎవరి కోసమో. ఆ మాటను గ్యారేజీకి చేరవేసింది తనే. చూసుకోమని చెప్పింది కూడా తనే. గ్యారీకి నిజం చెప్పేద్దామా అని మస్తాన్ అడిగితే వద్దన్నాడు. అప్పీలు వెనక్కి తీసుకుంటే బుధవారం ఒక్క పూటలో ఎనిమిది రిపేర్లు జరగాలి. అధికారి కారనుకుంటేనే గ్యారీ అంత పని చేస్తాడు. మస్తాన్ సరే అన్నాడు. తాను ఇంతకు ముందే గ్యారీని మోసం చేశానో, ఇప్పుడు చేస్తున్నానో తేల్చుకోలేకపోతున్నానని కూడా అన్నాడు.

పూజిత రెండు బస్సులు మారి ఆరున్నరకు ఇల్లు చేరింది. బ్యాగు భుజానే ఉంచుకుని అంతా విన్నది. మేనేజరుకు రాసి నాలుగు రోజులు గడువు అడుగుతానంది. ప్రొబేషన్లో ఉండి గడువు అడిగితే చేతకాదని చెప్పుకున్నట్టేనని సృజన్ వద్దన్నాడు. అప్పుడామె తండ్రి వైపు తిరిగి, అప్పీలు వాపసు తీసుకోమంది.

తిరుపతయ్య టీవీ గొంతు తగ్గించాడు. "వాడు తప్పు రాసిండు బిడ్డా. తప్పు రాసినోని ముంగట తలకాయ వంచుడు నాతోని కాదు. పరీక్ష అంటే పరీక్ష లెక్కనే ఉండాలె."

"నా లైసెన్సు ఎవరిచ్చిన్రు బాపూ?"

"ఎవరిస్తరు. కరీంనగర్ ఆఫీసోళ్లు ఇచ్చిన్రు."

"టెస్టు ఎవరు పెట్టిన్రు?"

తిరుపతయ్య రిమోటు తీసి టీవీ గొంతు ఇంకా తగ్గించాడు.

"ఫొటో ఒక్కటి దిగి వెళ్లిపోయిన నేను. టెస్టు తారీకు నాడు హన్మకొండ హాస్టల్ల ఉన్న. శనివారం ఇంటికొస్తే టీవీ మీద కార్డు పెట్టి ఉన్నది. సంతకం నీదే." పూజిత బ్యాగు దించి కుర్చీలో పెట్టింది. "నాకిప్పుడు ముప్పై నాలుగేండ్లు బాపూ. ఎల్లుండి పెట్టేది నా మొదటి టెస్టు. అదన్న పెట్టనియ్యి."

సృజన్ వంటింట్లోకి వెళ్లి, అక్కడ పనేమీ లేకపోవడంతో మళ్లీ వచ్చాడు. తిరుపతయ్య టీవీ ఆపేశాడు. కాసేపయ్యాక నోట్‌బుక్కు లోంచి ఒక కాగితం చించి, ఈడి ఆఫీసులకు ఎట్ల రాయాలో చెప్పమని అల్లుణ్ణి అడిగాడు. అప్పీలును ఉపసంహరించుకుంటున్నానని రెండు లైన్లు రాసి, సంతకం పెట్టి, కింద అలవాటుగా హోదా కూడా రాశాడు. ఆ పూట ఆయన అన్నం తినలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

బుధవారం సృజన్ సెలవు పెట్టాడు. కాగితాన్ని ఎనిమిదింటికే ఏజెన్సీకి పంపి, తొమ్మిదింటికి గ్యారేజీలో నిలబడ్డాడు. అప్పీలు వెనక్కి తీసుకున్నట్టు ఏజెన్సీ రాతపూర్వకంగా చెబితే తప్ప కారును తాకనని గ్యారీ అన్నాడు. టై ఇంకా ఉంది. సృజన్ ఏజెన్సీకి ఫోన్ చేశాడు. నలభై రెండు నిమిషాలు సంగీతం విన్నాక ఒకామె పలికింది. అప్పీలు చేసిన పెద్దమనిషి రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టరని రాశారు, ఏ ప్రాంతంలో పనిచేశారని అడిగింది. కరీంనగర్ అన్నాడు సృజన్. అది ఏ కౌంటీలో వస్తుందని అడిగింది. సృజన్ చెప్పాడు. ఆమె వివరాలు సరిచూసుకుని మెయిల్ పంపిస్తానంది.

సరిచూసుకోవడమంటే గ్యారేజీకి ఫోన్ చెయ్యడమని సృజన్‌కు తెలియదు. రెండింటికి పది నిమిషాలుందనగా గ్యారీ ఆఫీసులో ఫోను మోగింది. గాజుగోడ అవతల గ్యారీ నిలబడి మాట్లాడడం, తర్వాత కూర్చోవడం, తర్వాత టై విప్పి డ్రాయరులో పెట్టడం సృజన్‌కు కనబడింది. గ్యారీ బయటికొచ్చి మొదట మస్తాన్‌తో మాట్లాడాడు. మస్తాన్ బోర్డు చూపించి, చేతులు తిప్పుతూ, ఓ జిల్లా మొత్తం వాడుకలో ఉన్న మాటను ఇంగ్లీషులో వివరించడానికి ప్రయత్నించాడు.

గ్యారీ అరవలేదు. సృజన్ దగ్గరికి వచ్చి, మామూలు రోజైతే స్టిక్కరు పీకి, ప్లేటు తుడిచి, సీసాలో నీళ్లు పోసి, ఫాగ్ లైటు బల్బు మార్చి, మిగతావి బాగుచేయించుకోమని ఒక మాట చెప్పి ఉండేవాణ్ణని అన్నాడు. టైరు సంగతి తెలిసేది కాదని కూడా అన్నాడు. ఇప్పుడు ఎనిమిదీ కంప్యూటర్లో ఉన్నాయి, ఎనిమిదీ చెయ్యాలి. ఏజెన్సీ మెయిల్ వచ్చింది కాబట్టి చేస్తారు. వరసలో ముందున్న మూడు కార్లు అయ్యాక.

మూడో కారు నాలుగున్నరకు దిగింది. సృజన్ కారు సైజు టైరు స్టాకులో లేదు. మస్తాన్ వ్యానేసుకుని రెడింగ్ వెళ్లి తెచ్చాడు. సీటు బెల్టు తీసి చూస్తే లోపల, దసరాకు తిరుపతయ్య కొట్టిన కొబ్బరికాయ చిప్ప ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రోలర్ల మీద పెడితే ముప్పై ఒక్క శాతం వచ్చింది. ఆరూ యాభైకి గ్యారీ పాస్ అని కొట్టి, సృజన్‌కు తాళం ఇచ్చి, షట్టరు దించాడు.

గురువారం టెస్టు సెంటరుకు సృజనే కారు నడిపాడు, పూజిత అలసిపోకుండా ఉండాలని. తిరుపతయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. మంగళవారం సాయంత్రం నుంచి ఆయన కూతురితో పెద్దగా మాట్లాడలేదు. సెంటరు దగ్గర దిగాక మాత్రం, మంచిగ నడుపు బిడ్డా అన్నాడు. పది పద్నాలుగుకు ఎగ్జామినరు వచ్చి పేరు పిలిచాడు. పూజిత ఫోనూ బ్యాగూ సృజన్ చేతికిచ్చి వెళ్లింది. కారు గేటు దాటి ఎడమకు తిరిగింది.

వెయిటింగ్ రూములో ఎనిమిది కుర్చీలున్నాయి. తిరుపతయ్య గోడ మీది సూచనలన్నీ వరసగా చదివాడు. పది ఇరవై రెండుకు పూజిత ఫోను వెలిగింది. మేనేజరు నుంచి మెయిల్. తెర మీద కనబడినంత మేర సృజన్ చదివాడు. నీ మెయిల్ నిన్న చూశాను, కంగారు పడకు, టెస్టు స్లాట్లు ఎవరికీ దొరకడం లేదు కాబట్టి కొత్తవాళ్లందరికీ లైసెన్సు గడువును మార్చి నెలాఖరుకు పొడిగించాం, సెప్టెంబరులోనే అందరికీ నోటీసు పంపామే, నువ్వు చూడలేదా.

సృజన్ దాన్ని మూడుసార్లు చదివాడు. పూజిత తన మాట వినకుండా బుధవారం మేనేజరుకు రాసిందన్నమాట. వారం కిందట రాసి ఉంటే మంగళవారం మామూలు మంగళవారంగా గడిచిపోయేది. అతను ఫోనును బోర్లా తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఏమైందని తిరుపతయ్య అడిగితే ఏమీలేదన్నాడు.

పది యాభై ఆరుకు కారు తిరిగి వచ్చింది. ఎగ్జామినరు లోపలే కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడాడు, దిగి, ఇటు చూడకుండా ఆఫీసులోకి వెళ్లిపోయాడు. పూజిత దిగి వచ్చింది.

"ఫెయిల్," అంది.

ఏం జరిగిందో ఆమె నిలబడే చెప్పింది. చిన్న తప్పులు మూడే. రౌండబౌట్లు పదకొండు వచ్చాయి, పదకొండూ దాటింది. ఎత్తు మీద ఆపి మళ్లీ ఎక్కించమన్న చోట హ్యాండ్‌బ్రేకు లాగింది. దించితే దిగలేదు. ఏడాదిగా రెండు వేళ్లతో దించడానికి అలవాటుపడిన చెయ్యి ఆమెది, నిన్న సాయంత్రం బిగించిన బ్రేకు అది. సగం దిగిన బ్రేకుతో కారు ముందుకు గుంజింది, దడదడలాడింది, ఆగిపోయింది, వెనక్కి జారింది. వెనకున్న వ్యాను హారన్ కొట్టింది. పెద్ద తప్పు ఒకటి.

తిరుపతయ్య రిజల్టు చూపించమన్నాడు. పూజిత సృజన్ చేతిలోంచి ఫోను తీసుకుని, అందులో రిజల్టు మెయిల్ తీసి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివాడు.

"నిజంగనే పరీక్ష పెట్టిండా?"

"పెట్టిండు బాపూ. నలభై నిమిషాలు."

"సారు రాసింది కరెక్టే," అన్నాడు తిరుపతయ్య. ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "పద్నాలుగు శాతం ఉన్నప్పుడే మంచిగుండె ఆ బ్రేకు," అని కలిపాడు.

సృజన్ పూజిత వైపు తిరిగాడు. మేనేజరు మెయిల్ సంగతి చెప్పాడు. పూజిత అది చదివి, పక్కనున్న కుర్చీలో కూర్చుని, ఉద్యోగం ఉన్నట్టేనా అని అడిగింది. ఉన్నట్టేనన్నాడు. ఆమె అక్కడే కూర్చుని వెబ్‌సైటు తెరిచి, దొరికిన స్లాటుల్లో మొదటిది తీసుకుంది. ఫిబ్రవరి పంతొమ్మిది, ఉదయం ఎనిమిదీ పది. తిరుపతయ్య ఆ తేదీని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఆయన తిరుగు ప్రయాణం నవంబరు తొమ్మిదిన.

"బిడ్డ నడుపుతది, ముందట పక్క సీట్ల నువ్వు కూసో అల్లుడూ," అన్నాడు, కారు దగ్గరికి నడుస్తూ. "నేను ఎన్క కూసొని ఫిబ్రవరి దాక రోజూ నేర్పిస్త. నా బిడ్డకు నేను ఒక్కసారన్న నేర్పియ్యకపోతి."

పూజిత తండ్రి వైపు చూసి, సరే బాపూ అంది. సృజన్ వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. దారిలో కరీంనగర్‌కు ఫోన్ చేస్తే గిరిజ అంతా విని, "నలభై ఏండ్లు నేను సూసుకున్న. ఆ నాలుగు నెలలు మీరు సూసుకోండ్రి," అని పెట్టేసింది.

విజిటర్ వీసా ఆరు నెలలు చెల్లుతుంది. ఆ మధ్యాహ్నం సృజన్ విమాన సంస్థ వెబ్‌సైటులో మామగారి టికెట్టు తేదీని ఫిబ్రవరి చివరికి మార్చాడు. మూడు రోజుల్లో ఎవరూ ఏ అభ్యంతరం చెప్పకుండా, ఒక్క నిమిషంలో పూర్తయిన పని అదొక్కటే.